కాకీ సంచి నాడాలు

ఆ సంచి నేనే కుట్టాను. మా ఆయన స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసిన నాటి కాకీ ప్యాంటు ఒకటి ట్రంకుపెట్టె అడుగున ఉండేది. మోకాళ్ళ దగ్గర అరిగింది కానీ తొడల దగ్గర బట్ట ఇంకా అట్టలా గట్టిగా ఉంది. దాన్ని చింపి, లోపల పాత దుప్పటి ముక్క పెట్టి, మూతికి నాలుగు నాడాలు కుట్టాను. కొట్లో అమ్మే బ్యాగుకి జిప్పు ఉంటుంది. జిప్పులో ఇసక పడితే నెల తిరక్కుండా పోతుంది. నాడాకి ఏం రోగం? ముడి మీద ముడి వేస్తే దొంగకి కూడా విసుగొస్తుంది అనుకుని మురిసిపోయాను.

నాలుగో తరగతితో నా చదువు ఆగింది. రాయడం అలవాటు లేదు. కానీ ఈ సంగతి ఇంకొకరు రాస్తే తప్పు వాడి మీద పెడతారు. అందుకని నేనే రాస్తున్నాను.

వాడంటే నా మనవడు, కూతురి కొడుకు. కూతురూ అల్లుడూ విజయనగరం అవతల పల్లెలో వ్యవసాయం చేస్తారు. వీడు ఐదో తరగతి నుంచీ గాజువాకలో నా దగ్గరే పెరిగాడు. నా ఇంట్లో పెరగడం తేలిక కాదు. అరిగిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అంటించాలి. కత్తిపీట కడిగి గోడకి ఆనించాకే కంచం ముందు కూర్చోవాలి. వస్తువు దాని చోట చేరాకే మనిషి కదలాలి అనేది మా ఆయన ప్లాంటులో నేర్చుకుని ఇంటికి తెచ్చిన మాట. ఆయన పోయాక ఆ మాట నేను పట్టుకున్నాను.

వాడు డిగ్రీ అయ్యాక ద్వారకా నగర్‌లో ఒక స్టూడియోలో చేరి పని నేర్చుకున్నాడు. తర్వాత సొంతంగా ఒక పాత కెమెరా కొనుక్కున్నాడు. నా చెవి దుద్దులు దానికే పోయాయి. చెవులకి వేపపుల్లలు పెట్టుకుని తిరిగాను, నాకేం బాధనిపించలేదు. దసరాకి ఆ కెమెరాకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టుకున్నాను.

ఒకసారి వాడు ఎవరింట్లోదో పుట్టువెంట్రుకల వేడుకకి ఫొటోలు తీయడానికి సింహాచలం వెళ్ళాడు. మెట్ల మీద ఒక ముసలావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. వీడు కెమెరాని మెట్టు మీద పెట్టేసి పరిగెత్తి ఆవిడ తల పట్టుకున్నాడు. నీళ్ళు తాగించి, నీడకి చేర్చి తిరిగొచ్చేసరికి ఎవరి కాలో తగిలి కెమెరా నాలుగు మెట్లు దొర్లిపోయి ఉంది. ముందున్న అద్దం పగిలింది.

"కొండ మీద అంతమంది జనం ఉంటే ఆవిణ్ని లేపడానికి నువ్వొక్కడివే దొరికినావేటి?" అన్నాను.

"పక్కనెవలూ లేరమ్మమ్మా."

"లేకపోతే కేకెయ్యాల. వస్తువు నేలన పడీసి పోతావేటి? ముందు కెమెరా సదురుకో, ఆనక ఎవలికైనా సాయం సెయ్యి. సాయానికి మనుసులు సానామంది ఉంటారు. కెమెరా నీకొక్కటే."

"ఆవిడ అచ్చం నీలాగే ఉందమ్మమ్మా. మెట్ల మీద పడి కూడా నన్ను తిడతంది," అని నవ్వించాలని చూశాడు.

నేను నవ్వలేదు. వారం రోజులు సరిగా మాట్లాడలేదు. కెమెరాకి కొత్త అద్దం వేయించిన ఆ వారంలోనే కాకీ సంచి కుట్టాను. రోజూ అన్నానికి ముందు నా ఎదురుగా కెమెరా అందులో పెట్టించి నాడాలు కట్టించేదాన్ని. కళ్ళు మూసుకుని కట్టగలిగేదాకా వదల్లేదు. వాడూ ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు పెళ్ళికి ముందే బయట ఫొటోలు తీయించుకుంటున్నారు కదా. మొన్న చలికాలం ఒక పొద్దున వాడు అలాంటి జంటని తీసుకుని యారాడ సముద్రం ఒడ్డుకి వెళ్ళాడు. పెళ్ళికూతురు చీర మార్చుకోవడానికి కారు దగ్గరికి వెళ్ళింది. ఈలోపల పెళ్ళికొడుకుని ఒక్కణ్నే నీళ్ళంచున నిలబెట్టి తీస్తున్నాడు. వెనక నుంచి పెద్ద కెరటం వచ్చి ఆ పిల్లాణ్ని పడగొట్టి లోపలికి లాక్కుపోయింది. మనవడికి ఈత వచ్చు, దూకాడు. యారాడ పల్లెవాళ్ళు వలలు వదిలేసి పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ ఒడ్డుకి లాగారు. మావాడు బతికాడు. ఆ అబ్బాయి బతకలేదు.

మొదట నాకు తెలిసింది ఇంతే. దూకాడు కదా, చేతనైంది చేశాడు కదా అని వాడి తల నిమిరాను. నాలుగో రోజున షేర్ ఆటోలో వస్తుంటే నా పక్కన ఇద్దరు కుర్రాళ్ళు ఫోనులో ఏదో చూస్తున్నారు.

"ఈడి సిగ్గు సూడు బావా. మనిషి ములిగిపోతంటే మూట కట్టుకుంటన్నాడు."

"మరి ఈ వీడియో తీసినోడేటి సేత్తన్నాడు?"

"ఆడికి ఈత రాదేమో."

"సేతులొచ్చు కదా, సెయ్యి ఊపి పిలవొచ్చు. అదీ రాదేటి?"

ఇద్దరూ నవ్వుకుని, "నువ్వూ సూడమ్మా, లోకం ఎలా ఉందో," అని ఫోను నా వైపు తిప్పారు.

చూశాను. ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు నా మనవడు. వాడి వెనక నీళ్ళలో ఒక చెయ్యి లేస్తోంది, మునుగుతోంది. వాడు కాకీ సంచి మూతి దగ్గరికి లాగి ముడి వేశాడు. దాని మీద ఇంకో ముడి వేశాడు. గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూశాడు. అలా లాగి చూడమని చెప్పింది కూడా నేనే. అప్పుడు లేచి పరిగెత్తాడు.

నా స్టాపు దాటిపోయినా దిగలేదు.

ఇంటికొచ్చేసరికి వాడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆ రోజు నుంచీ అలాగే ఉంటున్నాడు.

"సంచి కట్టి దూకినావేటిరా?" అని అడిగాను.

గోడకే చెప్పినట్టు అన్నాడు. "ముడెయ్యాలని అనుకోలేదమ్మమ్మా. సేతులు వాటంతటవే కట్టీసినాయి. ఆడు పిలస్తన్నాడు, నాకు ఇనపడతంది, సేతులు కడతన్నాయి."

"నాను సెప్పినందుకేనా?"

"అప్పుడు నీ మాట గుర్తే రాలేదు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. గుర్తు రాకుండానే చేతులు పని చేసేటంత లోపలికి దింపానన్నమాట.

ఫొటో తీసేవాడు తీస్తూనే ఉండాలా, పడేసి దూకాలా అని జనం ఫోన్లలో వాదించుకున్నారట. తీయడమే వాడి పని అని కొందరు, తీసేవాడు మనిషి కాదా అని కొందరు. మావాడు ఆ కాసేపు ఫొటో తీయలేదు, నీళ్ళలోంచి మనిషినీ తీయలేదు. ఆ కాసేపు వాడిది కాదు, నాది. ఆ మాట ఎవరికి చెప్పాలో నాకు తెలుసు.

పదకొండు రోజులయ్యాక చనిపోయిన అబ్బాయి తమ్ముడు ఫోను చేశాడు. ఆఖరి ఫొటోలు అమ్మ చూడాలంటోంది అన్నాడు. మనవడు సంచి వైపు చూడను కూడా చూడలేదు. పల్లెవాళ్ళు తెచ్చి ఇచ్చిన సంచి ఆనాడు వాడు వేసిన ముళ్ళతోనే మేకుకి వేలాడుతోంది. నేను తీసుకుని బయలుదేరాను.

వాళ్ళకి సింహాచలం కొండ కింద కొబ్బరికాయల కొట్టు. కొట్టు మూసి ఉంది. వెనక గదిలో ఆ తల్లి చాప మీద కూర్చుని ఉంది. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. సంచి ఎదురుగా పెట్టాను. ఉప్పు పట్టి ముళ్ళు బిగుసుకుపోయాయి. గోళ్ళతో రాలేదు, పళ్ళతో లాగి విప్పాను. నోరంతా సముద్రం ఉప్పు.

తమ్ముడు కెమెరా తీసి ఒక్కొక్కటే చూపించాడు. ఆఖరిదానిలో ఆ అబ్బాయి నవ్వుతున్నాడు. భుజం వెనక కెరటం తెల్లగా లేచి ఉంది.

"ఆడు సూడలేదు," అంది తల్లి. "నవ్వుతన్నాడు."

అప్పుడు చెప్పాను. "అమ్మా, వీడియోలో మా మనవడు మూట కట్టినాడు కదా. అది ఆడి బుద్ధి కాదు. నాను నేర్పినాను. ముందు వస్తువు సదురుకోమని, మనిషి సంగతి ఆనక సూడమని నానే తిట్టి నేర్పినాను. తిట్టాలంటే నన్ను తిట్టు."

ఆవిడ తిట్టలేదు. సంచి నా వైపు తోసి, "కట్టు," అంది.

"ఏటమ్మా?"

"ఆడు కట్టినట్టే కట్టు. నాను సూడాల."

కెమెరా లోపల పెట్టాను. మూతి దగ్గరికి లాగాను. ముడి వేశాను, దాని మీద ముడి వేశాను, లాగి చూశాను. ఆవిడ నా ముఖం చూడలేదు. నా చేతులే చూస్తోంది. అంత పొడుగు పని నా జన్మలో చేయలేదు.

"ఈపాటికి నా కొడుకు నన్ను రెండుసార్లు పిలిసుంటాడు," అంది.

ఆవిడే ముళ్ళు విప్పి కెమెరా నా ఒళ్ళో పెట్టింది. "సంచి ఇక్కడొదిలీ. ఆ గుంటణ్ని, నీ మనవణ్ని మాత్రం ఇటు తేకు. సూడలేను," అంది.

కెమెరాని పమిట చెంగులో చుట్టుకుని వచ్చాను. మనవడికి జరిగింది జరిగినట్టు చెప్పాను. వాడు గోడవైపు నుంచి తిరక్కుండానే అన్నాడు.

"కొండ మీద ఆ ముసలావిణ్ని లేపినాను కదమ్మమ్మా. అప్పుడు ఆగకుండా బేగే ఎల్లినాను."

"అవున్రా. మంచి పని సేసినావు. ఆనాడు అనలేదు నాను," అన్నాను.

వాడి వీపు కదిలింది.

కెమెరా ఇప్పుడు కిటికీ పక్క బల్ల మీద ఉంది. మా వీధిలో తలుపు తీస్తే చాలు, నల్ల దుమ్ము వచ్చి పడుతుంది. రోజూ బల్ల తుడుస్తాను. కెమెరా మీద మాత్రం ఏ గుడ్డా కప్పలేదు.