పక్కటెముకల కింద రెండు వేళ్లు

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. నాకు జరిగినది తలచుకుంటే కలిగేది భయం కాదు, రోత. రాయడం మొదలుపెట్టేముందు కూడా ఒకసారి చేతులు కడుక్కుని వచ్చాను.

డెబ్బైల చివర్లో, రాజోలు దగ్గర మా ఊరి చర్చిలో పాడేదాన్ని. మాకు పాట నేర్పిన మాస్టారికి విద్య ఉంది, కాదనను. కానీ మనిషి మహా మురికి. దవడలో ఎప్పుడూ పొగాకు ముద్ద. దాన్ని వేళ్లతో సర్దుకుని, ఆ తడి వేళ్లు రెండూ తెచ్చి వెనక నుంచి మా పక్కటెముకల కింద గుచ్చేవారు. మగపిల్లలైనా ఆడపిల్లలైనా అంతే.

"భుజాలెగరెయ్యకమ్మాయ్! ఊపిరి ఇక్కడికి రావాలి. నా వేళ్లని బయటికి తొయ్యి" అనేవారు.

ఊపిరి అక్కడికి వచ్చేది, నిజమే. నడుము కూడా దానంతటదే నిటారయ్యేది. ఇంటికొచ్చి జాకెట్టు ఉతుకుతుంటే గోధుమరంగు నీళ్లు దిగేవి, మళ్లీ మళ్లీ జాడించేదాన్ని. ఆయన పోయారని తెలిసినప్పుడు ఏడుపు రాలేదు. పీడ విరగడైందనుకున్నాను.

మరుసటి నెలలోనే గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం ఆరాధనలో ఒక్కదాన్నే పాడాలి. ఊళ్లోని బడి పెద్దలు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పాట నచ్చితే సంగీతం టీచరు ఉద్యోగం నాకే ఇస్తామన్నారు. నాన్న అప్పటికే మంచాన పడ్డారు. ఆ ఉద్యోగం తప్ప మాకు వేరే దారి లేదు.

రెండో చరణంలో ఒక పొడవాటి పాదాన్ని ఒక్క ఊపిరిలో పాడాలి. సగంలోనే నా భుజాలు పైకి లేచాయి, ఊపిరి అయిపోయింది, గొంతు సన్నబడింది. ఇక ఆగిపోతాననగా, పక్కటెముకల కింద రెండు వేళ్లు గట్టిగా గుచ్చుకున్నాయి. తడిగా. పొగాకు కంపు గుప్పుమంది. నేను మళ్లీ గాలి పీల్చలేదు, అయినా ఊపిరి వచ్చింది. పాదం చివరిదాకా పాడేశాను.

నా వెనక ఉన్నది గోడ. దానికీ నాకూ మధ్య జానెడు సందు. అందులో మనిషి పట్టడు.

బయటికొచ్చాక నా స్నేహితురాలు సుగుణ, "తెల్ల జాకెట్టుకి ఈ మరకలేంటే?" అంది. రెండు మరకలు, పక్కపక్కనే, వేలికొనంత. వాసన చూసి అక్కడే వాంతి చేసుకున్నాను.

"ఆకూ వక్కా వేసుకున్నావిడెవరిదో చెయ్యి తగిలుంటదిలే" అంది అమ్మ. తాంబూలం మరక ఎర్రగా ఉంటుంది. ఇవి గోధుమరంగు.

బడి పెద్దాయన మాత్రం, "చాలా బాగా పాడేవమ్మా. మాస్టారు నిన్ను బాగా తయారుచేసేరు" అన్నారు.

"ఆయ్" అన్నాను, నోరు తుడుచుకుంటూ.

ఆ ఉద్యోగమే చివరిదాకా చేశాను. ఏ పిల్లనూ వేలితో తాకకుండా ఊపిరి నేర్పాను. ఆ వేళ్లు ఎక్కడివో మాత్రం నాకు నేటికీ అంతుపట్టలేదు.

అంతకంటే రోత పుట్టించేది ఒకటుంది, ఎవరికీ చెప్పలేదు. ఊపిరి అయిపోయిన ఆ క్షణంలో, మాస్టారూ రండి అని మనసులో నేనే పిలిచాను.