కొత్త ప్లేయరులో మా అత్త పాటలు

ఈ పొద్దు కాఫీ గ్లాసు పట్టుకొని, ఎప్పటిలాగే ఫోనులో నాలుగు పాటలు విందామని కూర్చుంటే, పాటల ప్లేయరు ముఖమే మారిపోయి ఉంది. నిన్నటి దాకా కింద ఉన్న మీటలు పైకెక్కి కూర్చున్నాయి, పైనున్న జాబితా ఎక్కడికో కాపురం మార్చింది, నా పాటలుండే చోట నేనెన్నడూ అడగని పాటలు వరుసగా నిలబడి పలకరిస్తున్నాయి. మనవరాలిని పిలిచి చూపిస్తే, "అప్‌డేట్ అయిపోయుండాది తాతా, అంతే" అన్నది, ఇంట్లో ఎవరో గుండు కొట్టించుకొని వచ్చినంత తేలికగా. ఆ పిల్ల నా పాటలు వెతుకుతూ ఉండగా నాకు మాత్రం లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. ఎందుకంటే, ఒక ప్లేయరును కొత్తది చేయబోయి ఒక కల్యాణాన్నే గంగలో కలపబోయిన ఘనత నాకు ఇదివరకే ఉంది.

నేను ఎనిమిదో తరగతితో బడికి నమస్కారం పెట్టాను. బడి కూడా సంతోషంగా ఎదురు నమస్కారం పెట్టింది కాబట్టి ఇద్దరికీ మనసులో ఏమీ లేదు. కోయంబత్తూరు ఊరంచున మా తెలుగు వీధిలో మైక్‌సెట్టు పెట్టుకొని, కల్యాణాలకూ చెవులు కుట్టే వేడుకలకూ గుడి పండుగలకూ పాటలు వేసేవాణ్ణి. మా పెద్దలు ఎన్ని తరాల కిందట ఏ దారిన ఇటు వచ్చారో ఎవరికీ గుర్తులేదు కానీ, తెచ్చుకున్న మాటను మాత్రం దారిలో పారేసుకోలేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కోపమొస్తే రెండూ. అయితే ఒక్క సంగతి, మాట్లాడడమే తప్ప తెలుగు అక్షరం ఎలా ఉంటుందో మా వీధిలో ఒక్కరికీ తెలియదు. పంచాంగం తిరగేసి పట్టుకొని చూసినా మాకు ఒకటే.

మా మేనత్త ఆ వీధికంతా పాట. నలుగు పెట్టాలన్నా, పెండ్లి ఉయ్యాల ఊంజల్ ఊపాలన్నా, సంబందులను, అంటే మీరు వియ్యాలవారు అంటారే వాళ్లను, నిలబెట్టి ఎగతాళి చేయాలన్నా అత్త గొంతే లేవాలి. ఆమె పాడుతుంటే మైకు దండగ అని నేనే అనేవాణ్ణి, నా వ్యాపారానికి నష్టమైనా సరే. అలాంటి మనిషికి గొంతులో ఏదో పుండు లేచి ఆపరేషన్ చేశారు. ప్రాణానికి ముప్పు తప్పింది, పాట మాత్రం తిరిగి రాలేదు. మాట కూడా గాలిలాగా, దగ్గర కూర్చుంటేనే వినబడేది. అదృష్టం ఏమిటంటే, అంతకుముందే ఆమె పాటలు నేను కేసెట్లలో పట్టి ఉంచాను. కేసెట్ల కాలం చెల్లిపోయి కంప్యూటర్ల కాలం వచ్చినప్పుడు, పాతదొకటి కొని వాటినన్నిటినీ అందులోకి ఎక్కించాను.

అప్పుడు మా వీధిలో అద్దెకుండిన విజయనగరం రైల్వే ఆయన, తెలుగు పాటలకు పేర్లు తెలుగులోనే ఉండాలని పట్టుబట్టి, కూర్చొని ఒక్కొక్క పాటకూ పేరు కొట్టి ఇచ్చాడు. మన అక్షరాలు టీవీ తెరలాంటి దాని మీద వెలుగుతుంటే చూడడానికి వీధంతా వచ్చింది. అత్త కళ్లకద్దుకుంది. చదవడం రాకపోతేనేం, నేను ఆకారాలు గుర్తు పెట్టుకున్నాను. రెండు జిలేబీలతో మొదలయ్యేది నలుగు పాట, చివర దూడ తోక ఉన్నది హారతి పాట, నడుమ ముక్కుపుడక లాంటిది ఉన్నది సంబందులను ఏడిపించే పాట. ఈ పద్ధతిలో నేను ఒక్కనాడూ తప్పు పాట వేయలేదు. చదువుకున్నవాళ్లు ఇంతకంటే ఏం చేస్తారో నాకు తెలియదు.

అత్త కూతురికి ఒట్టన్‌చత్రం అనే ఊరి సంబంధం కుదిరింది. వాళ్లదీ తెలుగిల్లే, కూరగాయల మండీ వ్యాపారం. పిల్లవాడు బంగారం, వాడి తల్లిని చూస్తేనే మాకు వణుకు. నిశ్చయానికి వచ్చి, ఇచ్చిన కాఫీ రెండు గుక్కలు తాగి, గ్లాసు కింద పెట్టి, పోయేదాకా ఆమె పెదవి విప్పలేదు. ఏం తప్పు జరిగిందో తెలియక మా అత్త ఎన్నో రోజులు అన్నం సరిగా తినలేదు. పెండ్లికూతురు మాత్రం ఒకే కోరిక కోరింది. తాళి కట్టాక హారతి ఇచ్చేటప్పుడు తన తల్లి గొంతే పాడాలి, మరెవరూ పాడకూడదు. వీధిలోని ఆడపిల్లలందరినీ పాటతో సాగనంపిన మనిషి, సొంత కూతురికి నోరు విప్పలేకపోతే ఎలా అని ఆ పిల్ల బాధ. అత్త నన్ను దగ్గరికి పిలిచి చెవిలో గాలిగా చెప్పింది: "హారతి పాట ఒక్కటే వేయిరా. ఆ సంబంది పాట పక్కకే పోవద్దు. ఆమె వండి దిగినకాడికే తిరుక్కొని పూడస్తాది." వండి అంటే మాకు బండి, ఆమె అది దిగిన చోటినుంచే వెనక్కి తిరిగి వెళ్లిపోతుందని అత్త భయం. నేను తల మీద చేయి పెట్టుకొని ఒట్టు వేశాను.

రెండు వైపులకూ అనువని ఉడుమలైపేటలో మండపం పట్టారు. పొద్దున్నే గొట్టం స్పీకర్లు కొబ్బరిచెట్లకు కట్టి, కంప్యూటరు బల్ల మీద పెట్టి పాట మొదలెడితే, పాత ప్లేయరు రెండు పాటలకొకసారి బిగుసుకొని నిలిచిపోతోంది. హారతి నడుమ ఇది ఇలా ఆగితే నా గతేమిటని, బ్రౌజింగ్ సెంటర్ నడిపే నా స్నేహితుణ్ణి పిలిచాను. వాడు సీడీ ఒకటి తీసుకొచ్చి, కొత్త వెర్షన్ వచ్చింది, వేసేస్తే వెన్నలాగా పోతుందన్నాడు. వేశాడు. తెర నల్లగా, మెరుగ్గా, కొత్త పెండ్లికొడుకులాగా వచ్చింది. కానీ పాటల పేర్లున్న చోట అన్నీ చిన్నచిన్న చదరపు పెట్టెలు, ఒకదాని పక్కన ఒకటి, అన్ని వరుసల్లోనూ అవే.

"ఏమిడా ఇది, నా జిలేబీలు ఏడ పోయె?" అన్నాను.

"కొత్త వెర్షన్‌లో తెలుగు ఇట్లానే నీట్‌గా వస్తాదప్పా, వంకరటింకర లేకుండా" అన్నాడు వాడు, వాడికీ తెలుగు రాదు కదా. మేమంతా నమ్మేశాము. మా పెద్దమ్మ ఒకామె అయితే, మన అక్షరాలు ఎంత బాగుపడినాయో చూడండి, కిటికీలు పెట్టినట్టుండాయి అని అందరినీ పిలిచి చూపించింది. బాగుపడితే బాగుపడ్డాయి, నాకు తోక లేకుండా హారతి పాట ఎలా తెలియాలి? సరే, ఒక్కొక్కటే మెల్లగా వేసి విని కనుక్కుందామనుకున్నాను.

వేశాను. తెర మీద రంగురంగుల గీతలు ఎగిరెగిరి ఆడుతున్నాయి, సత్తమే లేదు. చప్పుడుకు మేము సత్తం అంటాము. వైర్లు ఊడదీసి తుడిచి మళ్లీ గుచ్చాను. ఆంప్లిఫయరును తట్టాను, బతిమాలాను, మీటను కొసదాకా తిప్పాను. లుంగీ ఎగగట్టి కొబ్బరిచెట్టు ఎక్కి, స్పీకరులో పిచ్చుక గూడు పెట్టిందేమో అని కూడా చూసి దిగాను. స్నేహితుడు కంప్యూటరును ఆపి మళ్లీ వెలిగించాడు. ఏ పెట్టెల వరుసను నొక్కినా గీతలు ఆడుతున్నాయే తప్ప ఒక్కటీ నోరు విప్పలేదు. పక్కన నిలబడిన మా అత్త ముఖం చూడలేకపోయాను. ఆమె గొంతు మిగిలింది ఆ పెట్టెలోనే, అక్కడా పోయిందనుకుంది పాపం.

అప్పుడు మా వాడు, కొత్త ప్లేయరు మూలన చీమంత స్పీకరు బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత చూశాడు. ప్లేయరు తనంతట తానే నోరు మూసుకొని పుట్టిందన్నమాట. వాడు సంతోషం పట్టలేక దాన్ని నొక్కేశాడు. సరిగ్గా అదే క్షణంలో మండపం వాకిట్లో ఒట్టన్‌చత్రం వ్యాను ఆగి, సీరు తట్ట, అంటే సారె పళ్లెం, పట్టుకొని ఆ మహాతల్లి కాలు కింద పెట్టింది. ఆంప్లిఫయరు కొసదాకా తిప్పి ఉన్న సంగతి మీకు చెప్పాను కదా. ఉడుమలైపేట అంతా వినేటట్టు మా అత్త గొంతు లేచింది:

"బండి నిండా దిగినారే సంబందులు,
చాప పరిస్తే చాలలేదే సంబందులు,
వడ ఒకటి వడ్డిస్తే రెండు దాచేరే,
కొంగు విప్పి చూడరమ్మా సంబందులు!"

నేను ఎగిరి ఆపుమీట నొక్కాను. అంటే, పాత ప్లేయరులో ఆపుమీట ఉండే చోట నొక్కాను. కొత్తదానిలో ఆ చోట ఉండేది మళ్లీ మొదటినుంచి పాడించే మీట. కాబట్టి సంబందులు రెండోసారి దిగి, రెండోసారి వడలు దాచారు. అత్త అరవలేక రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని కూలబడింది. పెండ్లికూతురు గదిలోనుంచి పరుగెత్తుకొచ్చి వాకిలి పట్టుకొని నిలబడింది. నేను బల్ల కింద దూరుదామా అని చూస్తున్నాను, అక్కడ నా స్నేహితుడు ముందే ఉన్నాడు.

పెండ్లికొడుకు తల్లి సీరు తట్ట ఎవరి చేతికో ఇచ్చి, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది. పాట అయ్యేదాకా కదలకుండా విన్నది.

"ఎవురిదిరా ఈ గొంతు?"

అత్త వైపు వేలు చూపించాను.

"ఏమమ్మా సంబందీ," అన్నది ఆమె, నడుముకు కొంగు చుడుతూ, "పాట వేసి ఊరుకుంటే అయిపోయిందా? జవాబు సెప్పేదానికి మైకు ఇయ్యరా? ఇదేం పద్ధతి మీ ఊర్లో?"

మైకు నేను ఇచ్చానో ఆమే లాక్కుందో చెప్పలేను. అంత బిగుసుకున్న మనిషి లోపల అంత పెద్ద గొంతు ఎక్కడ దాచుకుందో, అందుకున్నది చూడండి:

"లారీ నిండా కాయలంపితిమి వదినల్లారా,
సాంబారులో ముక్కేదమ్మా వదినల్లారా?
వడ దాచింది నిజమేనమ్మా వదినల్లారా,
మీ గోడకు రాయి తక్కువని దాచినామే!"

కల్యాణానికి కూరగాయలు వాళ్ల మండీనుంచే వచ్చాయి, అందుకే ఆ ముక్క ప్రస్తావన. మండపమంతా విరగబడి నవ్వింది. వంటవాళ్లు కూడా గరిటెలతో బయటికొచ్చారు. మా అత్త లేచి ఆమె చేతులు పట్టుకొని, వినబడని మాటలేవో చెబుతూ నవ్వుతూ ఏడుస్తూ ఉంది. తరువాత తెలిసింది, నిశ్చయం నాడు ఆమె ఎందుకు అలిగిందో. పుట్టింట్లో పాటల మధ్య పెరిగిన మనిషి, మా ఇంట్లో ఒక్కరు కూడా ఒక్క ఎగతాళి పాట ఎత్తకపోయేసరికి, ఎండిపోయిన మనుషుల ఇంటికి పిల్లవాణ్ణి ఇస్తున్నానే అని దిగులు పడిందట. అత్త గొంతు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ పెట్టెలో ఇంకా ఏమేముండాయో అన్నీ వరసగా వేయమని ఆమె ఉత్తరువు. వేశాను. లాలి వచ్చింది, నలుగు వచ్చింది, ఒక్కొక్కటి మొదలవుతూనే ఆడవాళ్లు పేరు చెప్పి కేకలు. హారతి పాట రాగానే, మళ్లీ తప్పిపోకుండా తెర మీద ఆ వరుస పక్కన కుంకుమ బొట్టు పెట్టి, జాబితాను ఎవరూ కదపకుండా స్నేహితుణ్ణి కాపలా ఉంచాను. తాళి కట్టాక ఆ బొట్టున్న వరుసనే నొక్కాను. గొట్టం స్పీకర్లలో అత్త పాడుతోంది, ఎదురుగా అత్త పెదవులు మాత్రం కదుపుతూ హారతి తిప్పుతోంది, కూతురు పెండ్లికొడుకును చూడకుండా ఆ పెదవులనే చూస్తోంది. ఆ ఒక్కసారికి నేనూ ఎగతాళి మరిచాను.

భోజనాల వేళకు రైల్వే ఆయన వచ్చాడు. మేము గొప్పగా తెర చూపిస్తే ఆయన పొట్ట పట్టుకొని, "ఇయ్యి తెలుగక్షరాలు కావయ్యా బాబూ, అక్షరాలు దొరక్క ఆ మిషను పెట్టిన ఖాళీ డబ్బాలు!" అని కుర్చీలో పడి నవ్వాడు. మేమూ నవ్వాము కానీ నాకు ఎక్కడో చురుక్కుమంది. ఖాళీ డబ్బాలను చూపించి ఇదే మీ భాష అంటే నమ్మేశామే అని. మరుసటి వారంనుంచే ఆయన అరుగు మీద పలక పట్టుకొని కూర్చున్నాను. బడి ఎగ్గొట్టినవాడు ముప్పై దాటాక బడికి పోయాడని వీధంతా నన్ను ఎక్కిరించింది. ఈ నాలుగు ముక్కలు మీకు రాయగలుగుతున్నది ఆ ఎక్కిరింపుల చలవే.

ఇప్పుడు మా పిల్లల కల్యాణాలకు పాటల పెట్టెలు లారీలో వస్తాయి, ఏ వరుసా తప్పదు, ఏ మీటా మొరాయించదు. సంబందులు దిగుతారు, ఫోటోలు దిగుతారు, చల్లగా తిని పోతారు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు, అందుకే ఎవరికీ కోపం రాదు, ఎవరూ పడిపడి నవ్వరు కూడా. మా అత్తా లేదు, ఒట్టన్‌చత్రం ఆమే లేదు. అత్త పాటలు కేసెట్టునుంచి కంప్యూటరుకు, అక్కడినుంచి ఈ ఫోనుకు వచ్చాయి కానీ, ఆ రోజు ఆమె ఇచ్చిన జవాబు ఎక్కడా లేదు. చుట్టూ అన్ని యంత్రాలున్నా, నవ్వే తొందరలో పట్టి ఉంచాలని ఎవరికీ తోచలేదు.

మనవరాలు చివరికి నా పాటలు వెతికి పెట్టింది. సంబంది పాట అవడంతోనే ఈ కొత్త ప్లేయరు ఊపిరి తీసుకోకుండా తరువాతి పాటలోకి దూకేసింది. అలా కాదమ్మా, ఈ పాట అయినాక కాసేపు ఆగేటట్టు పెట్టు అన్నాను. ఎందుకు తాతా, అక్కడేమీ లేదే అన్నది. జవాబు వచ్చే చోటమ్మా అది, అన్నాను.