వత్సల చేచికి కప్పబోయిన శాలువా

అందరూ చేచి, అంటే అక్క, అని పిలిచే వత్సల పదహారేళ్ళుగా ఊరి గ్రంథాలయం పుస్తకాలను సంచిలో వేసుకుని ఇంటింటికీ ఇచ్చి వస్తోంది. ఎవరికి హత్యల కథలు కావాలో, ఏ కోడలు పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనక దాస్తుందో ఆమెకే తెలుసు. ఇన్నేళ్ళలో కమిటీ వాళ్ళెవరూ "తిన్నావా" అని అడిగిన పాపాన పోలేదు.

అలాంటిది, బడిలో పంతులుగా రిటైరై కొత్తగా కార్యదర్శి అయిన దివాకరన్ మాష్ నెల తిరక్కుండానే ఆమెకు గొడుగు కొనిచ్చాడు. తర్వాత మెత్త వేసిన కుర్చీ. ఆపైన, ఎదురుపడితే చాలు, "చేచీ, మీరు లేకపోతే ఈ గ్రంథాలయమే లేదు" అనడం. వత్సల గుండెల్లో రాయి పడింది. ఊరికే ఇంత తీపి ఎందుకు?

శనివారం గ్రంథాలయం గోడమీద కాగితం అంటించారు. రేపు సభ, వత్సలకు శాలువా కప్పి సన్మానం.

కొండమీది ఇంట్లో కర్రపెండలం చెక్కు తీస్తున్న జానకి, పుస్తకం ఇవ్వడానికొచ్చిన వత్సల నోట ఆ కబురు విని కత్తి ఆపింది.

"ఒసే వత్సలా, అక్కడ శాలువా కప్పించుకున్నవాళ్ళు మర్నాడు పనిలోకొచ్చారా? కాపలా కాసే కుంజంబుకి కప్పారు, ఇంటికి పంపారు. ఊడ్చే మాధవికీ అంతే."

"నా రిటైర్మెంటుకింకా ఆరేళ్ళుంది కదక్కా!"

"అందుకే గొడుగిచ్చాడు, తడవకుండా ఇంటికి పోతావని."

ఆ సంచి పోతే తను ఏమవుతుందో వత్సల ఊహించలేకపోయింది.

ఆదివారం సంచి భుజాన వేసుకునే వేదిక ఎక్కింది. మాష్ శాలువా విప్పగానే ఒక అడుగు వెనక్కి వేసింది.

"ముందిది చెప్పండి మాష్. రేపట్నుంచి ఈ సంచి ఎవరు మోస్తారు?"

మాష్ తెల్లబోయాడు. "మీరే కదా చేచీ! పనిచేసేవాళ్ళకి ఉత్సాహం తగ్గకూడదని..."

"ఉత్సాహమా? కొత్త పుస్తకాలు ముందు కమిటీ వాళ్ళ ఇళ్ళకెళతాయి. నాకు అట్టలూడినవి మిగులుతాయి. కొత్త బీరువా తాళంచెవి ఇవ్వండి, ఉత్సాహం అదే వస్తుంది."

ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. కమిటీ వాళ్ళు నేలచూపులు చూశారు. మాష్ జేబులోంచి తాళంచెవి తీసి, మడిచిన శాలువాతో పాటు ఆమె చేతిలో పెట్టాడు.

సోమవారం వాన. వత్సల కొత్త పుస్తకాలను శాలువాలో చుట్టుకుని కొండెక్కింది.

"సంచి ఉంచారా?" అడిగింది జానకి.

"ఉంచారు. తాళంచెవీ ఇచ్చారు." వత్సల గొడుగు ముడుస్తూ గొంతు తగ్గించింది. "అడగ్గానే ఇచ్చాడక్కా. ఎందుకిచ్చాడో కనిపెట్టాలి."