ఇసుకలో దిగిన ట్రక్కు దగ్గర దసరా

గాజా చేరేసరికి మధ్యాహ్నం రెండు. పోర్ట్ సయీద్‌లో ఓడ దిగి రైలెక్కి వచ్చాం. అవి 1960ల తొలి ఏళ్లు. తల మీద శాంతి సేన నీలి టోపీ, భుజాన కిట్ బ్యాగు, నోట్లో ఇసుక. మా పని యుద్ధం కాదు. రెండు దేశాల మధ్య గీతను కాయడం. గీత అంటే మోకాలి లోతు కందకం. పగలు దాని మీద చూపు, చీకటి పడ్డాక దాని వెంట నడక.

నాది సూర్యాపేట దగ్గర పెన్‌పహాడ్. సిగ్నల్స్ సిపాయిని. ఫోన్ చూసుకోమని నన్నో పంజాబీ పోస్టుకు పంపారు. దిబ్బ మీద ఇసుక బస్తాల బంకరు, ఒక మంచె, పదకొండు మంది. తెలుగు తెలిసింది నాకొక్కడికే. మూడు నెలలు మెలకువలో ఒక్క తెలుగు మాట ఆడలేదు. నిద్రలో మాత్రం ఏదో గొణుగుతున్నానని వంటవాడు చెప్పేవాడు.

రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ లైను పరీక్ష. పక్క పోస్టు నాలుగు మైళ్లు. ఒకరోజు అవతల కొత్త గొంతు పలికింది. హిందీలో నంబరు చెప్పింది. పెట్టేయబోతూ తనలో తను అనుకుంది.

"అబ్బ, చెవుల నిండా ఇసుకే."

తెలుగు! ఫోన్ చెవికి నొక్కుకున్నాను. "ఏ ఊరు భయ్యా నీది?"

అటు నుంచి పెద్ద కేక. "కోదాడండీ! మీది?"

"సూర్యాపేట! పెన్‌పహాడ్!"

"ఓరి నాయనో! పక్క పక్కనే గదండీ!"

ఆ రోజు నుంచి పరీక్ష అయ్యాక రెండు నిమిషాలు తెలుగు. ఫోన్లో సొంత మాటలు నిషేధం. మా కెప్టెన్‌కు తెలిసినా తెలియనట్టే ఉండేవాడు. కోదాడ వాడిది బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఆరడుగుల మనిషనుకున్నాను. మొహం మాత్రం చూడలేదు. పోస్టు వదిలే వీలు ఇద్దరికీ లేదు.

దసరా దగ్గర పడింది. కెప్టెన్ ముందు నిలబడ్డాను.

"ఆ సాయంత్రం మా దగ్గర జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటాం సర్. ఇక్కడ నాకు అలా తీసుకోవడానికి ఒక్క మనిషే ఉన్నాడు."

ఆయన మ్యాపు చూశాడు. "రేషన్ ట్రక్కులో రమ్మను. నాలుగున్నరకు వస్తాడు. ఆరింటికల్లా మళ్లీ తన ఫోన్ దగ్గర ఉండాలి. నిమిషం దాటితే ఇంకోసారి అడగొద్దు."

పండుగ రోజు వంటవాడి పక్కన కూర్చుని శనగపప్పు ఉడికించి, చక్కెర కలిపి, బక్ష్యాలు చేయించాను. తీపి పరాఠా అని పేరు పెట్టాడు. గడ్డం గీసుకున్నాను. నాలుగున్నరయింది. ట్రక్కు లేదు. నాలుగూ యాభైకి మంచె మీది సెంట్రీ అరిచాడు.

"ట్రక్కు ఆగిపోయింది! మైలు దూరం. వెనక చక్రాలు దిగబడ్డాయి!"

పక్క పోస్టుకు చెబుదామని ఫోన్ ఎత్తాను. హవల్దార్ నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "దీన్ని నేను చూస్తా. పార తీసుకో. నలుగుర్ని తీసుకెళ్లు. ఆరింటికి ఇక్కడుండు."

బక్ష్యాల మూట చంకలో పెట్టుకుని పరుగెత్తాం. దారికి రెండు వైపులా తెల్ల రాళ్లు. అవి దాటితే పాత మందుపాతరలు. దారి అంచున ఒక ముళ్ల పొద ఉంది. ఆకులు జమ్మిలానే ఉన్నాయి. చేయి చాపి ఒక రెమ్మ తుంచుకున్నాను.

అయిదూ పదికి చేరాం. సర్దార్జీ డ్రైవరు స్టీరింగ్ దగ్గర చెమటలు కక్కుతున్నాడు. చక్రం కింద ఒక పొట్టి మనిషి తవ్వుతున్నాడు. నా భుజం వరకు కూడా రాడు.

"కోదాడ సిగ్నల్ ఎక్కడ?" హిందీలో అడిగాను.

పొట్టి మనిషి తిరిగాడు. అదే బావి గొంతు. "నేనేనండీ."

నవ్వు ఆపుకోలేకపోయాను. అతనూ నవ్వాడు. "మీరేమో పొట్టిగా ఉంటారనుకున్నానండీ!"

ముందు పని. తవ్వాం. చక్రాల కింద ఖాళీ గోనెలు పరిచాం. తోశాం. అయిదూ ముప్పై అయిదుకు ట్రక్కు పైకి లేచింది. ఇంక పోస్టు దాకా వచ్చే టైము లేదు. రేషన్ మా భుజాల మీదికి దించుకున్నాం. మిగిలింది అయిదు నిమిషాలు.

రెమ్మ తీశాను. అతను వాసన చూశాడు. "జమ్మేనంటారా?"

"ఏమో. కాకున్నా ఇయ్యాల ఇదే జమ్మి. బంగారం తీసుకో తమ్మీ."

చేతిలో పెట్టాను. కౌగిలించుకున్నాం. ఇద్దరం ఒకేసారి మాట్లాడుతున్నాం. ఎవరిదీ ఎవరికీ వినపడలేదు. సర్దార్జీ ఇంజను ఆపకుండానే దిగి చేయి చాపాడు. నలుగురు సిపాయిలూ వరస కట్టారు. అందరికీ ఆకు, అందరికీ కౌగిలి, ఇసుక తగిలిన బక్ష్యం.

"అన్నా, అటు సూడండి!" అతను గుసగుసగా అన్నాడు.

టెలిఫోన్ తీగ మీద నీలి పిట్ట. పాలపిట్టే. దసరా నాడు కంటపడితే శుభమంటారు.

"మనదానికి జర రంగు ఫరక్ ఉన్నది," అన్నాను.

"పరదేశం గదండీ!"

ఇద్దరం దండం పెట్టాం. మమ్మల్ని చూసి సర్దార్జీ కూడా పెట్టాడు.

ఆరింటికి రొప్పుతూ ఫోన్ అందుకున్నాను. అవతల అతను రెండు నిమిషాల ముందే చేరాడు.

ఏడాది నిండి వేర్వేరు ఓడల్లో తిరిగొచ్చాం. నేను సికింద్రాబాద్‌లో రైలు దిగి, బస్సులో సూర్యాపేట చేరాను. అతను తర్వాత ఫౌజు వదిలి మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో మోటార్లు చూసే పనిలో కుదిరాడు. దసరాకు ఎవరో ఒకరం బస్సెక్కుతాం. అక్కడి సంగతులు ఎవరడిగినా నాకు ముందు ట్రక్కు వెళ్లిపోతున్న నిమిషమే కనిపిస్తుంది. వాలిన ఎండ. వెనక కమ్మీ పట్టుకుని ఆ పొట్టి మనిషి వేలాడుతున్నాడు. ఎడారి అంతటికీ వినపడేలా కండక్టరులా కేక వేస్తున్నాడు.

"సూర్యాపేట, మునగాల, కోదాడ! ఎక్కేవాళ్లు ఎక్కండి!"