రెండు రబ్బరు డిప్పల టార్వాటరు

చాలా ఊళ్లు తిరిగాను కానీ, సింకులు బాగుచేసి పేరు తెచ్చుకున్న సంగీత విద్వాంసుణ్ణి కాన్సస్ సిటీలోనే చూశాను. పేరు క్లియోఫస్ టార్వాటరు. స్వింగ్ జాజ్ బ్యాండులో ట్రాంబోన్ వాయించేవాడు. ఆ వాద్యంలో గొట్టాన్ని ముందుకూ వెనక్కూ లాగాలి. అందుకని అతని ముందు వరుసలో కూర్చునే సాక్సోఫోన్ వాళ్లు మెడలు వంచుకునే వాయించేవారు. కొందరు పెళ్లిఫొటోల్లో కూడా అలాగే ఉన్నారు.

అతని గొప్పతనమంతా ఒక రబ్బరు డిప్పలో ఉంది. సింకులో నీళ్లు నిలిచిపోతే పొడుస్తామే, అదే. కర్ర పీకేసి, ఆ డిప్పతో ట్రాంబోన్ మూతిని మూస్తూ తెరుస్తూ వాయిస్తే, ఇత్తడి అచ్చం మనిషిలా తిట్టేది, బతిమాలేది. మాట్లాడే చిలకల్ని నాలుగు దేశాల్లో చూశాను. ఒక్కదానికీ బతిమాలడం రాదు.

1936లో అతను గది వెతుక్కుంటూ మిస్ ఐడెల్లా పెటిఫర్డ్ గడప తొక్కాడు. ఊళ్లో అందరూ మర్యాదకి మిస్ అనే పిలిచినా ఆవిడకి పెళ్లయింది; పోయిన మొగుడు డ్రమ్ముల మనిషి. సాధన పేరుతో ఇంట్లో పింగాణీ పళ్లెం ఒక్కటి మిగల్చలేదు.

"పాటగాళ్లకి గది లేదు," అంటూ తలుపు మూయబోయి, అతని కోటు జేబులోంచి తొంగిచూస్తున్న డిప్పను చూసిందావిడ. "ఓహో, ప్లంబరువా బాబూ?"

లోపల్నుంచి కాబ్లర్, అదే పీచ్ పండ్ల మీద పిండి పరిచి కాల్చే తీపివంటకం, కమ్మటి వాసన. టార్వాటరు దగ్గాడు. ఆవిడ దాన్ని అవుననుకుంది.

"ఆ పొడుగు పెట్టెలో ఏంటి?"

"గొట్టాలమ్మా."

అది మాత్రం అబద్ధం కాదు.

మూడేళ్లపాటు ఆవిడ సింకులు, చర్చి సింకులు, చివరికి పాస్టరుగారి స్నానాలతొట్టి కూడా పొడిచి, నిజంగానే పని నేర్చేసుకున్నాడు.

"నిజం చెప్పేయరా," అనేవాళ్లు బ్యాండువాళ్లు.

"చెబితే గదితోబాటు కాబ్లరూ పోద్దిరా!"

ఇంతలో ఆసుపత్రి నిధి కోసం ఒక మధ్యాహ్నం నాట్యవిందు పెట్టారు. కోడివేపుడు అమ్మడానికి చర్చి ఆడవాళ్లు వచ్చారు. మొదటి బల్ల దగ్గర మిస్ ఐడెల్లా! బ్యాండు నాయకుడు టార్వాటరు వైపు వేలు చూపించాడు. అతను తన వంతు వాయించడానికి డిప్పతో లేచాడు. కళ్లూ కళ్లూ కలిశాయి.

"ఏవయ్యా టార్వాటరూ! ఇక్కడేం మూసుకుపోయింది?"

హాలంతా గొల్లుమంది. అతనికి నోరు పెగల్లేదు. ట్రాంబోనుకు పెగిలింది. "వా... వా... తప్పయిపోయిందమ్మా... గదిలోంచి గెంటకమ్మా..." అని పన్నెండు చరణాలు ఏడ్చింది. కోడికాళ్లు పట్టుకున్న చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

ఆవిడ విసవిసా స్టేజి దగ్గరికొచ్చింది.

"ఆ డిప్ప నిన్న మా ఇంట్లో పొడిచిందేనా?"

"అదేనమ్మా."

"దాన్నా మొహం దగ్గర పెట్టుకుంటున్నావు? ఆ మొహంతోనా నా కాబ్లర్ తింటున్నావు? ఛీఛీ!"

అబద్ధం సంగతి ఆవిడకు తట్టనే లేదు. మర్నాడే కొత్త డిప్ప కొనితెచ్చి, ఎర్ర రిబ్బను కట్టింది.

"ఇది పాటకి, అది పైపుకి. కలిపావో, పెట్టె సర్దుకో!"

పంతొమ్మిదేళ్లు ఆ గదిలోనే ఉన్నాడు. ఒకే ఒక్కసారి రిబ్బను ఊడిపోయింది. ఆ రోజు ఏ డిప్పతో వాయించాడో ఇంట్లో చెప్పలేదు. ముందు వరుసవాళ్లు మాత్రం రోజూ కన్నా బాగా కిందికి వంగి వాయించారు.