పదిహేడు తప్పుల కారు

రాయ్ట్‌లింగెన్ ఊరి శివార్లో, ఒకప్పుడు మంచాలూ బీరువాలూ అమ్మిన పెద్ద అద్దాల కొట్టులో, ఎకార్ట్ వోర్లె పదకొండు నెలలుగా హార్వెక్ కార్లు అమ్ముతున్నాడు. అమ్ముతున్నాడనడం మర్యాదకు. ఆ పదకొండు నెలల్లో గడప దాటిన బండ్లు అయిదు. అందులో ఒకటి అతని బావమరిది కొన్నాడు, అదీ అక్క పోరు పడలేక.

తలుపు తోసుకుని లోపలికి వచ్చేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళలో సగం మంది ఈతకొలనుకు దారి అడగడానికి వచ్చేవాళ్ళు. మిగతా సగం కారు చుట్టూ ఒకసారి తిరిగి, తోలు సీటును వేలితో నొక్కి చూసి, ఒకటే మాట అడిగేవాళ్ళు.

"ఇదేం కంపెనీ?"

"హార్వెక్ అండీ. బెల్జియంలో చేస్తారు. ఏడాదికి నాలుగు వేల బండ్లకు మించి చెయ్యరు."

"ఓహో... అలాగా."

ఆ 'అలాగా' చెవిన పడగానే ఎకార్ట్‌కు బేరం పోయిందని తెలిసిపోయేది. ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పెద్ద కార్ల కంపెనీలోనో, వాటికి విడిభాగాలు చేసే షెడ్డులోనో చేతులు మసి చేసుకున్నవాళ్ళే. వాళ్ళకు కారు ఇంటిపేరు లాంటిది. అంత సొమ్ము పోసి, పక్కింటివాడికి అక్షరం అక్షరం విడమరిచి చెప్పుకోవలసిన పేరు ఎవడు తెచ్చుకుంటాడు?

ఎకార్ట్ కూడా ఇరవై రెండేళ్ళు అలాంటి పెద్ద పేరు కిందే పనిచేశాడు. అక్కడ కార్లు వాటంతటవే అమ్ముడుపోయేవి, అతను కలం అందించేవాడు. ఒక శరదృతువులో ఎవరిదో హార్వెక్ బండిని కొండదారిలో నలభై కిలోమీటర్లు నడిపాడు. దిగిన తర్వాత చాలాసేపు దాని పక్కనే నిలబడ్డాడు. ఇంత మంచి వస్తువు సంగతి జనానికి తెలియకపోవడం అన్యాయమనిపించింది. నెల తిరక్కుండా ఉద్యోగం మానేసి హార్వెక్ వాళ్ళ దగ్గర చేరాడు.

"యాభై నాలుగేళ్ళకు మళ్ళీ ప్రేమలో పడ్డావు. పోన్లే, మనిషితో కాదుగా" అంది భార్య రోస్‌విటా. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు.

జనవరిలో ఎక్కడో దూరాన ఉన్న కొలోన్ నగరం నుంచి కంపెనీ తరఫు పెద్దావిడ టెస్‌మన్ వచ్చింది. కోటు కూడా విప్పలేదు.

"మార్చి ఆఖరుకు మొత్తం పన్నెండు బండ్లు పోవాలి వోర్లె గారూ. లేకపోతే ఈ కొట్టు ఉండదు."

"మేడమ్, ఇక్కడి జనం నిదానం. ఒకసారి నమ్మారంటే..."

"నమ్మకాన్ని నేను పై వాళ్ళకు పంపలేను. అంకె పంపాలి."

ఆ తర్వాత ఎకార్ట్ చెయ్యని ప్రయత్నం లేదు. ఊళ్ళో పేరున్న నూట ఇరవై మందికి పిలుపులు పంపి ఒక సాయంత్రం విందు పెట్టాడు. తొమ్మిది మంది వచ్చారు, అందులో ఆరుగురు రోస్‌విటాతో కలిసి చర్చిలో పాడేవాళ్ళు. మిగిలిపోయిన చేప ముక్కల పళ్ళేల్ని కొట్టు మెకానిక్కు జ్లాట్కో, తనూ నిలబడే తిన్నారు. తన పాత ఖాతాదార్లకు ఫోన్లు చేశాడు. ఒక్కొక్కరే మొహం చాటేశారు. ఇరవై ఏళ్ళలో తన దగ్గర మూడు కార్లు కొన్న పళ్ళ డాక్టరమ్మ రొట్టెల అంగట్లో అతన్ని చూసి, వరుసలో నుంచి తప్పుకుని, ఏమీ కొనకుండానే బయటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో మాత్రం "పరవాలేదు, కదులుతోంది" అనేవాడు. పొద్దున్నే వచ్చి, కొట్టు వెనక కారు నిలిపి, తలుపు తియ్యడానికి చెయ్యి రాక అరగంట లోపలే కూర్చునేవాడు.

ఫిబ్రవరిలో భార్యాభర్తలిద్దరు సంతకం దాకా వచ్చారు. భార్యకు రంగు నచ్చింది, సీటు నచ్చింది. భర్త కలం పట్టుకుని ఒక్క క్షణం ఆగి, "ఇంకోసారి ఆలోచించుకుంటాం" అని లేచాడు. వాన పడుతోంది. ఎకార్ట్ కోటు లేకుండానే వాళ్ళ వెనక బయటికి పరుగెత్తాడు.

"ఒక్క నిమిషం, సార్! మళ్ళీ ఒకసారి నడిపి చూడండి. ఇవాళ ఇంటికి తీసుకెళ్ళండి. దయచేసి!"

తను ఆ పెద్దమనిషి చొక్కా చెయ్యి పట్టుకున్నానని అతనికి అప్పుడు తెలియలేదు. ఆయన మెల్లగా వేళ్ళు విడిపించుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, "లోపలికి వెళ్ళండి. తడిసిపోతున్నారు" అన్నాడు.

ఎకార్ట్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి, తడి బూట్లతోనే వంటింట్లో కూర్చుని, రోస్‌విటాకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"నాకు తెలుసు. విందు రోజే తెలిసింది. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా" అందామె. నవ్వలేదు, తిట్టలేదు. పొయ్యి మీది పప్పు కలుపుతూ ఉండిపోయింది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

మార్చి మొదటి వారంలో గోనింగర్ వచ్చాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలాయన. జన్మంతా అచ్చులూ పనిముట్లూ చేసే సొంత కార్ఖానా నడిపి, ఆ మధ్యే దానికి తాళం వేశాడు. ఎకార్ట్‌కు నమస్కారమైనా చెప్పకుండా కారు తలుపు తీశాడు, వేశాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు. పది పన్నెండుసార్లు అదే పని.

"ఈ తలుపు చేసినవాడికి పని తెలుసు. మరి ఈ కిటికీ బొత్తాలు చేసిందెవడు? వాడి అల్లుడా?"

మామూలుగా అయితే ఎకార్ట్ కంపెనీ నేర్పిన పాఠం అప్పజెప్పేవాడే. ఆ రోజు అతనికి ఓపిక లేదు.

"అవి నాకూ నచ్చవు. చలికాలం చేతి తొడుగుతో నొక్కితే ఒకటి బదులు రెండు దిగుతాయి."

ముసలాయన తల తిప్పి అతన్ని మొదటిసారి చూశాడు. "ఇంకేం నచ్చదు మీకు?"

"వెనక డిక్కీ మూత బరువు. మలుపులో ముందు అరలో ఏదో గిలక్కాయలాగా మోగుతుంది. ఎక్కడో నేను పట్టుకోలేకపోయా."

"మీరు కారు అమ్ముతున్నారా, తగలబెడుతున్నారా?"

"అమ్మడం నాకు చేతకావడం లేదులెండి."

గంటసేపు ఇద్దరూ ఆ కార్లో కూర్చుని దాన్ని తిట్టుకున్నారు. లేచేటప్పుడు ఎకార్ట్ తాళం ఆయన చేతిలో పెట్టాడు. "వారం రోజులు ఉంచుకోండి. ఆ మోత ఎక్కడిదో మీకే దొరకాలి." కంపెనీ నిబంధన మూడు గంటలు. ఎలాగూ మునిగేవాడికి నిబంధనేమిటి?

ఎనిమిదో రోజు గోనింగర్ తిరిగొచ్చి, పెన్సిలుతో రాసిన కాగితం బల్ల మీద పెట్టాడు. పదిహేడు తప్పులు, వరస నంబర్లతో, కొలతలతో సహా. జ్లాట్కో మూడు రోజులు కారు కింద పడుకుని ఆరింటిని సరిచేశాడు. మిగతావాటిని ఎకార్ట్ అమ్మకాల ఆఫీసుకు పంపలేదు. వాళ్ళు చదవరని అతనికి తెలుసు. నేరుగా హార్వెక్ కార్ఖానాలో బండ్లు చేసేవాళ్ళకు పంపాడు. అక్కడి నుంచి ఒక ఇంజినీరమ్మ ముసలాయనకే ఫోన్ చేసి గంటన్నర మాట్లాడింది. ఆయనకు ఒళ్ళు పొంగిపోయింది.

"కొంటాను. నా పాత బండిలో ఎన్ని తప్పులున్నాయో నలభై ఏళ్ళలో నాకెవడూ చెప్పలేదు. దీనివి పదిహేడూ నాకు తెలుసు. తెలిసిన గుర్రం మేలు" అన్నాడు.

అక్కడితో ఊరుకోలేదు. గురువారం సాయంత్రాలు పానశాలలో తన ఈడు కార్ఖానాదార్లు కూర్చునే బల్ల మీద ఆ కాగితం పరిచాడు. "పద్దెనిమిదోది కనిపెట్టినవాడికి బీరు నాది" అన్నాడు. ఆ ప్రాంతంవాళ్ళు తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే లెక్క. అలాంటివాళ్ళకు తప్పులు వెతకమని పిలుపు వస్తే ఆగుతారా? కొలబద్దలు జేబులో పెట్టుకుని వచ్చారు. కారు కింద దూరారు, కార్పెట్లు ఎత్తారు. ఎకార్ట్ పొగడ్త ఒక్కటీ చెప్పలేదు. ఆ కాగితానికి నకలు తీసి తలుపు దగ్గర అతికించాడు. వెతికి వెతికి అలిసిపోయినవాళ్ళలో అయిదుగురు కొన్నారు.

మార్చి ముప్ఫై ఒకటికి లెక్క పదకొండు. పన్నెండో బండికి మరలూ బోల్టులూ అమ్మే అనెలీ కుర్జ్ అనే ఆవిడ మాట ఇచ్చింది. కానీ బ్రేకుల దూరం తన చేత్తో కొలిచేదాకా సంతకం చెయ్యనంది. దానికి తడి రోడ్డు కావాలి. వాన ఏప్రిల్ నాలుగున పడింది.

ఎకార్ట్ ఫోన్లో బతిమాలాడు. "నాలుగు రోజులు మేడమ్! కాగితం నా చేతిలో ఉంది!"

"చాలా విచారంగా ఉంది వోర్లె గారూ. నిర్ణయం శుక్రవారమే అయిపోయింది" అంది టెస్‌మన్. ఆమె గొంతులో నిజంగానే విచారం ఉంది. దానివల్ల ఒరిగిందేమీ లేదు.

మే నెలలో లారీ వచ్చి కార్లను తీసుకుపోయింది. ఖాళీ అద్దాల గదిలో ఎకార్ట్ చీపురు పట్టుకుని ఊడుస్తుంటే గోనింగర్ వచ్చాడు.

"మా బండ్లు ఇప్పుడెవరు చూస్తారు?"

"కొలోన్ వెళ్ళాలండీ."

"నా శవం కూడా కొలోన్ వెళ్ళదు" అని, ఖాళీ గదిని ఒకసారి కలయజూసి, "నా షెడ్డు ఖాళీగా ఉంది. ఆ జ్లాట్కోను తీసుకురా. ఇంక ఈ 'మీరు', 'గారు' చాలు. నా పేరు కొన్‌రాడ్. నన్ను నువ్వు అను" అన్నాడు.

అక్కడ ఆ మాట ఎవరూ ఊరికే అనరు. ఎకార్ట్ చీపురు గోడకు ఆనించి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని చాచాడు.

ఆ పన్నెండు మందీ తలా ఒక ఉత్తరం రాసి కంపెనీ మీద పోరు పెట్టగా పెట్టగా, అక్టోబరుకు షెడ్డుకు మరమ్మత్తుల అనుమతీ, చూపించడానికి ఒకే ఒక్క కారూ వచ్చాయి. అద్దాలు లేవు, విందులు లేవు. ఎకార్ట్ ఆ కారును వారానికొకరి ఇంట్లో వదిలి, బస్సెక్కి తిరిగి వస్తాడు. వాళ్ళలో కొనేవాళ్ళు కొంటారు. జీతం సగమైంది. రోస్‌విటా మళ్ళీ బడి వంటశాలలో పనికి వెళుతోంది. నెలాఖరు దగ్గరపడితే అతనికి ఇప్పటికీ అన్నం సహించదు.

"ఈ నెల ఎన్ని?" అని ఆమె అడిగితే, ఒకటైతే ఒకటనీ, ఏమీ లేకపోతే ఏమీ లేదనీ చెబుతాడు.