నిర్మొహమాటంగా చెప్పాలంటే

ఆ రెండు కుర్చీల సెలూనులో కిటికీ పక్క కుర్చీ ఆయనది. వీధిలో అందరూ పెద్దమేస్త్రి అంటారు. రెండో కుర్చీ బావమరిదిది. ముప్ఫయ్యేళ్ళుగా నలుగురి గడ్డాలూ పట్టుకునే బతికాడు పెద్దమేస్త్రి. అయితే బతిమాలడానికి కాదు, గీయడానికి. అటువంటి మనిషికి ఒక్క మాటంటే మాత్రం ఒళ్ళు మంట. ఆ మాట "నిర్మొహమాటంగా చెప్పాలంటే".

ఆ మాటకు ఆయన చెప్పే అర్థం ఏ నిఘంటువులోనూ దొరకదు. "గీసే ముందు పూసే నురగరా అది. దట్టంగా పూశాడంటే వెనకాలే కత్తి ఉందన్నమాట," అనేవాడు. ఇంటివాడు ఆ మాటతో మొదలుపెట్టే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. పెళ్ళి మాటలప్పుడు మామగారు ఆ మాటతో మొదలుపెట్టే "మా అమ్మాయికి కోపమంటే ఏమిటో తెలియదు" అన్నారు. ఆ కోపం సంగతి ఇప్పుడు వీధి మొత్తానికీ తెలుసు.

ఈమధ్య బావమరిది ఆ మాటను తెగ వాడుతున్నాడు. "నిర్మొహమాటంగా చెప్పాలంటే బావా, నువ్వు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోవాలి." "నిర్మొహమాటంగా చెప్పాలంటే బావా, గడ్డాలు నాకు వదిలెయ్." ఆపైన ఇంకేదో చెప్పబోయి నీళ్ళు నమిలేవాడు.

దానికితోడు, కిటికీ పక్క కుర్చీలో జుట్టు కత్తిరించుకున్నవాళ్ళు గడ్డం దగ్గరికొచ్చేసరికి లేచిపోతున్నారు. ఒకరిద్దరికి గాటు పడిన మాట నిజమే. పెద్దమేస్త్రి ముందు బ్లేడ్లను అనుమానించాడు, తర్వాత వాళ్ళే కదిలారని అనుమానించాడు. పాతికేళ్ళుగా ఇంకొకరి చేతికి గడ్డం ఇవ్వని లెక్కల మాస్టారు కూడా ఒకరోజు "గడ్డం ఇంట్లో గీసుకుంటాలే మేస్త్రీ" అని వెళ్ళిపోయాడు. మర్నాడు పెద్దమేస్త్రి టీ తాగి వచ్చేసరికి, అదే మాస్టారు బావమరిది కుర్చీలో గడ్డమెత్తుకుని కూర్చున్నాడు. ఏదో గుసగుసలాడుకుంటున్న ఇద్దరూ ఆయన్ని చూసి టక్కున ఆపేశారు.

ఇంకేం కావాలి? తన కుర్చీకి ఎసరు పెడుతున్నారు. ఇంటికెళ్ళి భార్య దగ్గర కారాలూ మిరియాలూ నూరితే, ఆవిడ గిన్నె తోముతూ "వాణ్ణే అడగండి" అంది. ఆవిడ అంత మెత్తగా మాట్లాడిందంటే ఆవిడా ఆ జట్టులోదే అని తేలిపోయింది.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందు, బావమరిదిని తన కుర్చీలో కూర్చోమన్నాడు.

"రా, ఇవాళ నీకు నేను గీస్తాను."

గొంతు దగ్గర కత్తి పెట్టుకుని అబద్ధమాడే మొనగాడు ఉంటాడని ఆయన అనుకోలేదు. బావమరిది ఒక్క క్షణం ఆగి, వచ్చి కూర్చున్నాడు. పెద్దమేస్త్రి నురగ పూసి కత్తి చెవి కింద ఆనించాడు.

"ఇప్పుడు చెప్పు. నా మీద ఏం చెప్పి వాళ్ళని లాక్కున్నావ్?"

బావమరిది చేతులు కుర్చీ పిడుల్ని గట్టిగా పట్టుకున్నాయి.

"నీ చెయ్యి వణుకుతోంది బావా. అద్దంలో చూడు."

పని చేసేటప్పుడు పెద్దమేస్త్రి అద్దం వంక చూడడు. అది వచ్చినవాళ్ళ కోసం. ఇప్పుడు తలెత్తి చూశాడు. నిజంగానే వణుకుతోంది. తెల్లటి నురగలో సన్నటి ఎర్రగీత అప్పుడే పైకి తేలింది. ఆయనకు సిగ్గేసింది, అంతకుమించి భయమేసింది.

"ఎన్నాళ్ళ నించి?"

"నాలుగు నెలలు. గాటు పడ్డవాళ్ళకి సర్దిచెప్పి నా కుర్చీలో కూర్చోబెట్టుకున్నా. లేకపోతే వీధి చివర కొత్త సెలూనుకి పోయేవాళ్ళు."

"నాకు చెప్పొచ్చుగా?"

"రోజూ మొదలుపెడుతూనే ఉన్నా బావా. ఆ మాట వినగానే నీ మొహం మాడిపోయేది. మిగతాది మింగేసేవాణ్ణి."

పెద్దమేస్త్రి కత్తి మడిచి, గాటు మీద పటిక రాశాడు. బావమరిదిని లేపి, ఆ కత్తి అతని చేతిలో పెట్టాడు. తనే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని గడ్డమెత్తాడు.

"కానియ్," అన్నాడు. "నేను కదలన్లే."